వైదేహి గీకిన తుప్పు

పొద్దున పదింటికి కాఫీ అయ్యాక వైదేహి ఖాళీ పెరుగు బకెట్లో చింతపండు నానేస్తుంది. పులిహోరకు కాదు, తుప్పు పట్టిన నట్లకీ బోల్టులకీ. ఇత్తడి చెంబుకి పనికొచ్చే పులుపు ఇనుముకి మాత్రం పనికిరాదా అని ఆవిడ వాదన. కెనడాలో వాళ్ళుండే ఈ ఒషావాలో పాత బళ్ళు బాగుచేసే మగవాళ్ళు షాపుల్లో ఏవేవో సీసాలు కొంటారు. వైదేహి ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి కిలో పొట్లాలు తెచ్చుకుంటుంది.

గరాజ్‌లో ఉన్నది డెబ్బై రెండో సంవత్సరపు పికప్ ట్రక్కు. ఎవరో రైతు కోళ్ళగూడు పక్కన వదిలేస్తే రెండేళ్ళ క్రితం తెచ్చుకుంది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు యాభై చలికాలాలు తిన్న బండి, చెయ్యి వేస్తే పెచ్చులు రాలేది. ఇప్పుడు తలుపులు నెమలికంఠం రంగులో మెరుస్తున్నాయి. వెనక తొట్టిలో కొత్త చెక్కలు పరిచింది. సీటుకి గళ్ళ బట్ట తనే కుట్టింది. డ్రైవర్ వైపు తలుపు మీద తెల్లరంగుతో 41 అని పెద్దగా రాసుకుంది.

తుప్పు గీకినంత మాత్రాన పోదని ఆ వీధిలో అందరికీ తెలుసు. అది ఎక్కడికో అక్కడికి చేరాలి కదా. దానికి అడ్రసు చెప్పక్కర్లేదు. గీకేవాళ్ళ కడుపులో ఎవరి మీద మంట ఉంటే సాయంత్రంలోగా వాళ్ళింట్లో తేలుతుంది. వైదేహి గీకిందంతా రెండేళ్ళుగా పక్క ఊరు విట్బీలో ఆంజనేయప్రసాద్ ఇంటికి పోతోంది. మొదట గరాజ్ తలుపు బిగుసుకుపోయింది. తర్వాత బార్బెక్యూ పొయ్యి, మంచు తోసే పార, మెయిల్‌బాక్సు. ఆయన భార్య కుక్కర్ మీద మాత్రం చుక్కైనా పడలేదు. ఆవిడ మీద వైదేహికి ఏ కోపమూ లేదు.

"మొన్న ఆయన కారు డోరు ఊడి చేతికొచ్చిందిట అక్కా," అంది పక్కింటి కనకదుర్గ, గరాజ్ ముందు నిలబడి.

"ఏ డోరు?"

"డ్రైవర్ వైపుది."

"మంచి డోరే ఊడింది," అని వైదేహి ఉప్పుకాగితం తిరగేసింది. ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింది కూడా.

పద్దెనిమిదేళ్ళ క్రితం ఇక్కడే ఒక కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఆవిడ ఇన్‌స్పెక్టర్. ఆవిడ బ్యాడ్జి నంబరు 41. ఒకరోజు పగుళ్ళున్న బ్రాకెట్లు కనిపిస్తే ఆ బ్యాచ్ మొత్తానికీ ఎర్ర ట్యాగు కట్టి ఆపేసింది. మేనేజరు ఆంజనేయప్రసాద్ ఆ ట్యాగు తెంపేసి సరుకు పంపించేశాడు. సరుకు తిరిగొచ్చాక, ఈవిడ అసలు చూడనేలేదు, ట్యాగూ లేదు ఏమీ లేదన్నాడు. పక్క సెక్షన్‌లో పనిచేసే ఆవిడ భర్త విశ్వనాథాన్ని కూడా పిలిచి అడిగారు. తానేమీ చూడలేదన్నాడు. వైదేహి ఉద్యోగం పోయింది. "అశ్రద్ధ" అని కాగితం మీద రాసిచ్చాక ఏ ఫ్యాక్టరీ వాడు రానిస్తాడు? పదిహేనేళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయింది. ఒక్క బోల్టు కూడా వదలకుండా చూసిన మనిషిని పట్టుకుని అశ్రద్ధ అన్నారు. ఆ మాట ఆవిడకి ఈనాటికీ గొంతు దిగలేదు.

బుధవారం నాడు విశ్వనాథం మెల్లగా చెప్పాడు. "ఆదివారం తెలుగు అసోసియేషన్ వాళ్ళు ప్రసాద్‌గారికి సన్మానం చేస్తున్నారు. శాలువా నన్ను కప్పమన్నారు. కమిటీలో ఉన్నాను కదా, కాదనలేకపోయాను."

వైదేహి చేతిలో వైరు బ్రష్ ఆగింది. "కప్పండి. నేనూ నా బండిలో వస్తా," అంది.

ఇక బండిలో మిగిలింది అడుగున ఉండే ఇనప చట్రం, ఛాసిస్ ఒక్కటే. అరచేతి మందాన పేరుకున్న తుప్పు. ఇన్నాళ్ళూ దాన్ని కావాలనే దాచింది. ఆంజనేయప్రసాద్ కుడి మోకాల్లో ఆపరేషన్ చేసి స్టీలు రాడ్ వేశారని ఊరందరికీ తెలుసు.

"అక్కా, అంతటి తుప్పు ఒక్కసారే పంపిస్తే ఆయన కాలు..." అంది కనకదుర్గ.

"స్టేజి ఎక్కలేడు. అంతే కదా."

"పాపం కాదూ?"

"నా పాపం నేను చూసుకుంటా. నువ్వా ఫ్యాను ఇటు తిప్పు."

శుక్రవారం ఫోన్ మోగింది. ఆంజనేయప్రసాదే. "ఏమ్మా వైదేహీ, బండి పని ఎంతవరకొచ్చింది? కొంచెం మావైపు తగ్గించకూడదూ? ఎప్పటి మాటలో అవన్నీ. మనం మనం తెలుగువాళ్ళం."

"ట్యాగు తెంపినప్పుడు కూడా తెలుగువాళ్ళమే ప్రసాద్‌గారూ," అని పెట్టేసింది.

శనివారం తెల్లారిన దగ్గర్నుంచి బండి కింద పడుకుని గీకింది. విశ్వనాథం పక్కన కూర్చుని లైటు పట్టుకున్నాడు. పెచ్చులు ఆవిడ మొహం మీద, జుట్టులో పడుతుంటే, ఒక్కో పెచ్చుకీ ఆ మోకాలు తలుచుకుంది. నాలుగింటికి ఛాసిస్ కొత్త గరిటెలా తేలింది. బయటికొచ్చి, చేతులైనా కడుక్కోకుండా విట్బీకి ఫోన్ చేసింది.

"కాలెలా ఉంది ప్రసాద్‌గారూ?"

"భేషుగ్గా ఉందమ్మా! ఇప్పుడే పార్కులో రెండు రౌండ్లు కొట్టొచ్చా. నువ్వు మనసు మార్చుకున్నావని అనుకుంటూనే ఉన్నా. చల్లగా ఉండు తల్లీ."

వైదేహికి అర్థం కాలేదు. అంత తుప్పు ఏమైనట్టు? ఇంట్లోకి వచ్చింది. డైనింగ్ టేబుల్ దగ్గర విశ్వనాథం కాఫీ తాగుతున్నాడు. గ్లాసు ఎర్రగా ఉంది. పెళ్ళప్పటి స్టీలు గ్లాసు, నలభై ఏళ్ళలో మరకైనా పడనిది, అడుగు నుంచి అంచు దాకా తుప్పు. చేతి వాచీ గొలుసు పొడిపొడిగా టేబుల్ మీద రాలుతోంది. కళ్ళజోడు చెవి దగ్గర విరిగి వేలాడుతోంది. ఆయన మాత్రం ఆ గ్లాసుతోనే తాగుతున్నాడు.

"రెండేళ్ళుగా చూస్తున్నా, నా వంతు ఎప్పుడొస్తుందా అని," అన్నాడు.

వైదేహి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ ట్యాగు నేను చూశాను వైదేహీ. ఆయన తెంపడం కూడా చూశాను. అప్పటికింకా ఇక్కడ ఉండిపోవడానికి మన PR రాలేదు. ఇద్దరి ఉద్యోగాలూ పోతాయని..."

"మీరు చూశారని నాకా రోజే తెలుసు."

"మరి ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా అడగలేదేం?"

"మీరే చెప్తారని."

ప్రసాద్ పరాయివాడు, వాడి ద్రోహానికి ఒక మోకాలు చాలు. పక్కన పడుకున్నవాడి ద్రోహానికి ఛాసిస్ అంత తుప్పు కావాల్సి వచ్చింది. అది తన కడుపులోదే అయినా ఆవిడకి ఆ పూటే తెలిసింది.

ఆదివారం ఆవిడ ట్రక్కులో వెళ్ళింది. విశ్వనాథం కారు తలుపు తెరుచుకోక సిటీ బస్సులో వచ్చాడు. హాల్లో రెండొందల మంది. స్టేజి మీద ఆంజనేయప్రసాద్ మెడ కొంచెం ముందుకి వంచి శాలువా కోసం సిద్ధంగా కూర్చున్నాడు. విశ్వనాథం శాలువా చేతిలో పట్టుకునే మైకు అందుకుని, ఎర్ర ట్యాగు సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. తను అబద్ధం చెప్పిన సంగతి కూడా చెప్పాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆంజనేయప్రసాద్ లేచి, బాగున్న కాళ్ళతో వడివడిగా పక్క గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు.

వైదేహి చివరి వరసలోంచి లేచి వచ్చి బండి స్టార్ట్ చేసింది. విశ్వనాథం వెనకే పరుగెత్తుకొచ్చాడు. చేతిలో ఆ శాలువా అలాగే ఉంది.

"చెప్పేశాను వైదేహీ."

ఆవిడ కిటికీలోంచి ఆయన మణికట్టు చూసింది. వాచీ గొలుసు ఆనవాలు ఎర్రగా అలాగే ఉంది. నిజం ఒప్పుకుంటే తుప్పు వదులుతుందని ఎవరూ అనలేదు కదా.

"పద్దెనిమిదేళ్ళు లేటు. ఇంటి తాళం మీ దగ్గరుంది. ఫ్రిజ్‌లో పులిహోర పెట్టాను. నేను మాత్రం రావట్లేదు."

"ఎక్కడికి వెళ్తావు?"

"బండి బాగుంది. అది ఎక్కడిదాకా వెళ్తే అక్కడికి."

పదిహేనేళ్ళ సర్వీసులో వైదేహి ఒక్క పిల్లాణ్ణి కూడా స్టాపులో వదిలి వెళ్ళలేదు. మంచు కురుస్తున్నా, పరుగెత్తుకొచ్చే వాడి కోసం బ్రేకు మీద కాలు పెట్టి ఆగేది. ఇప్పుడు అద్దంలో బస్ స్టాపు దగ్గర విశ్వనాథం కనిపిస్తున్నాడు. ఏప్రిల్ గాలికి ఆగలేక ఆంజనేయప్రసాద్ శాలువా తనే కప్పుకున్నాడు. ఆదివారాలు బస్సు నలభై నిమిషాలకొకటి. ఆ సంగతి తెలిసే ఆవిడ గేరు మార్చింది.