మూడో కొక్కెం

సూళగిరి మంగళాంబ టాకీసులో మారక్క ఇరవై రెండేళ్లు పనిచేసింది. ఆ ఇరవై రెండేళ్లలో ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడలేదు. ఈ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో విచారమేమీ ఉండదు. మెకానిక్కు అందరి బళ్లూ బాగుచేసి తాను నడిచి ఇంటికి పోయినట్టు, అదొక మామూలు సంగతి. ఇప్పుడామెకు డెబ్బై రెండేళ్లు. మోకాళ్లు మాట వినవు గానీ నోరు మాత్రం పాతికేళ్ల నాటిదే. తనది తప్పని ఇంతవరకు ఒప్పుకున్న పాపాన పోలేదు, ఎందుకంటే చాలాసార్లు తప్పు ఆమెది కాదు.

శనివారం సాయంత్రం మనవరాలు రేణు హోసూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, అవ్వకు సెల్ ఫోనులో ఫోటోలు చూపించింది. అవి తేజస్విని తీసినవి. ఆ పిల్లది తెనాలి, రేణు పనిచేసేచోటే క్వాలిటీ సెక్షన్లో ఉంటుంది. సెలవు దొరికితే చాలు, స్కూటరెక్కి హోసూరు, మత్తూరు, కృష్ణగిరి చుట్టూ మూతబడ్డ టాకీసుల్ని ఫోటోలు తీస్తూ తిరుగుతుంది. వచ్చే నెల వాటిని కృష్ణగిరిలో ఒక హాల్లో పెడతారట, తర్వాత పుస్తకం వేస్తారట.

మంగళాంబ ఫోటోలు ఆరున్నాయి. ముందువైపు గోడ, పెద్ద అక్షరాల బోర్డు, టికెట్ల కిటికీ, ఆపరేటర్ అంకప్ప గది. ప్రతి ఫోటో కింద ఒక వాక్యం. అంకప్ప పేరుంది. మగవాళ్ల గేటు దగ్గర ఈల వేసేవాడి పేరుంది. ఇంటర్వెల్లో సోడాలమ్మిన ముత్తప్ప పేరు కూడా ఉంది. చివరి ఫోటో వెనక సందులోది, తాళం వేసిన గేటు కడ్డీల మధ్య నుంచి తీసింది. చీకటి వరండా, పైన దూలం, దూలానికి వరసగా ఎనిమిది ఇనుప కొక్కేలు.

"దీని కింద ఏమని రాసినారు?" అంది మారక్క.

"'పూర్వం పెట్రోమాక్స్ లైట్లు తగిలించిన కొక్కేలు.' ఓనరే చెప్పినాడంట అవ్వా."

మారక్క చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టింది. "లైట్లా? ఆ కొక్కేలకి మేము తగిలించింది బిడ్డల్ని."

రేణు నవ్వబోయి, అవ్వ మొహం చూసి ఆగిపోయింది.

సంగతి ఇది. ఆ రోజుల్లో ఆడవాళ్ల వైపుకు గేటు వేరు, వెనక సందులోంచి. టికెట్లు చించడానికి మారక్కను పెట్టారు. చేరిన మొదటి నెలలోనే ఆమె ఒకటి గమనించింది. చంటిబిడ్డల తల్లులు సినిమాకు రారు. వచ్చినా బిడ్డ కేరుమనగానే మగవాళ్ల వైపు నుంచి ఈలలు, అరుపులు. తల్లి లేచి బయటికి వచ్చేసేది, మళ్లీ లోపలికి పోయేది కాదు. మైళ్ల దూరం నడిచొచ్చి సగం కథతో ఇంటికి పోవడం చూస్తే మారక్కకు ఒళ్లు మండేది. కొలిమి శివప్పను పిలిచి దూలానికి ఎనిమిది కొక్కేలు కొట్టించింది. కొక్కేనికో మూరెడు గొలుసు. తల్లి ఒక పాత చీర తెచ్చుకుంటే చాలు. చీరను గొలుసుకు ముడివేసి ఉయ్యాల కట్టి, బిడ్డను అందులో వేసి, మారక్క ఈ చివర నుంచి ఆ చివరకు ఊపుతూ పోయేది, మళ్లీ వచ్చేది. లోపల తల్లులు కళ్లనిండా సినిమా చూసేవాళ్లు.

దీని గురించి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. అడిగినవాళ్లూ లేరు. కానీ అడగకపోవడం వేరు, తన పనిని తీసుకుపోయి దీపాల పద్దులో రాయడం వేరు. ఆదివారం పది గంటలకు టాకీసును పడగొడుతున్నారు. దూలం పోయాక మిగిలేది ఫోటో ఒక్కటే. అందులో లైట్లని ఉంటే, ఇక ఎప్పటికీ లైట్లే. అది ఆమెకు మింగుడుపడలేదు.

"రేపు ఆ పాపను కెమెరా తీసుకోని రమ్మను," అంది. "నేనూ వస్తాను."

మర్నాడు తొమ్మిదిన్నరకు వాళ్లు పోయేసరికి జేసీబీ అప్పటికే వెనక సందులో ఉంది. టాకీసు ఓనరు, దాన్ని కట్టినాయన కొడుకు కేశవప్ప తెల్లచొక్కా వేసుకుని డ్రైవరుకు లెక్కగా చెబుతున్నాడు. ముందు వెనకవైపు కూల్చాలి, ముందుగోడ చిట్టచివర. మధ్యాహ్నం కృష్ణగిరి నుంచి స్నేహితులు వస్తారు, బోర్డు కింద నిలబడి అందరూ ఫోటో దిగాలి. ఆ తర్వాతే దాన్ని ముట్టుకోవాలి. యంత్రం సాయంత్రానికి బేరిగైలో ఇంకో పనికి పోవాలి కాబట్టి ఆలస్యం కుదరదు.

మారక్కను చూసి నవ్వాడు. "ఏం మారక్కా, నువ్వూ ఫోటోకి వచ్చినావా? ముందర పక్క నిలబడు. ఆడ బోర్డు బాగా పడతాది."

"నా పని ముందర పక్క యాడ ఉండిందప్పా? గేటు తియ్యి."

కేశవప్ప గేటు తీశాడు. తియ్యకపోతే ఆమె అక్కడే కూర్చుంటుందని అతనికి తెలుసు. వరండాలో విరిగిన కుర్చీలు, పావురాల రెట్టలు, మూలన చిరిగిన తెర. మారక్క నేరుగా దూలం కిందికి పోయి నిలబడింది.

"ఇవి లైట్ల కొక్కేలని ఈ పాపకు నువ్వేనా చెప్పింది?"

"అవును. మా నాయన చెప్పినాడు. కరెంటు పోతే ఈడ లైట్లు పెడతా ఉండిరంట."

"ఎనిమిది లైట్లా? లోపల సినిమాకి కూడా అంత వెలుతురు లేదు కదప్పా."

తేజస్విని మధ్యలోకి వచ్చింది. ఆ పిల్ల మాట మెత్తనిదే గానీ మనిషి మెత్తన కాదు. "అమ్మమ్మా, తప్పు రాసుంటే తప్పకుండా మారుస్తానండి. కానీ ఇప్పుడు మీదొక మాట, ఆయనదొక మాట. పుస్తకంలో వేసేటప్పుడు నేను దేన్ని నమ్మి రాయాలి?"

మారక్కకు ఈ ప్రశ్న నచ్చింది. ఊరికే తలూపే పిల్ల అయితే రేపు ఇంకొకరి మాటకూ తలూపుతుంది.

"నువ్వు ఫ్యాక్టరీలో ఏం చేస్తావమ్మా?"

"పార్టులు చెక్ చేస్తానండి. ఎక్కడ అరిగింది, ఎందుకు అరిగిందో చూసి రాస్తాను."

"అయితే నన్నేల అడుగుతావు, ఆ ఇనుమునే అడుగు. పైకి ఎక్కి చూడు. నేను కిందనుంచే చెప్తాను. వాకిలి పక్క నుంచి లెక్కపెట్టు. ఒకటోది, రెండోది కొంచెమే అరిగుంటాది. ఆడ గాలి బాగా తగులుతాది, బిడ్డలు తొందరగా నిద్రపోతా ఉండిరి. మూడోది సగానికి సగం పోయుంటాది. దాని పక్కనే నా స్టూలు. శానా ఏడ్చేవాళ్లని దాంట్లో వేస్తా ఉంటిని."

రేణు ఒక కుర్చీని గట్టిగా పట్టుకుంది. తేజస్విని దానిమీదికెక్కి మొదటి కొక్కెం తుడిచి, లోపలి వంపులో బొటనవేలు పెట్టి చూసింది. తర్వాత రెండోది. కుర్చీ జరిపి మూడోది. అక్కడ చాలాసేపు ఆగింది. సంచిలోంచి కొలిచే సాధనం తీసింది. సెలవురోజు కూడా ఆ పిల్ల దాన్ని వెంట పెట్టుకునే తిరుగుతుంది. మూడోదాన్ని కొలిచి, మొదటిదాన్ని మళ్లీ కొలిచింది.

"సగం కంటే ఎక్కువే పోయింది," అంది కిందికి దిగకుండానే. "అదీ అటూ ఇటూ పోయినట్టు గాడి పడింది. ఊరికే బరువు వేలాడితే ఇనుము వంగుతుంది, ఇలా అరగదు. దీనికి తగిలించింది ఏదైనా సరే, ఏళ్లతరబడి ఊగింది. లైట్లు ఊగవండీ."

  పైనుంచి ఆ మాట వినగానే మారక్క పైట చెంగుతో మొహం తుడుచుకుంది, దుమ్ము పడిందన్నట్టు. ఇరవై రెండేళ్ల పని అక్కడే ఉంది, ఇనుములో, ఎవరూ చెరపకుండా.

"సరే, ఉయ్యాలలే అనుకుందాం," అన్నాడు కేశవప్ప. "ఆ కొక్కేలని రెండు ఫోటోలు తీసుకోండి. అంతే కదా."

"కొక్కేలొక్కటే తీస్తే చూసినోళ్లకి ఏం తెలుస్తాది? ఎనిమిది ఉయ్యాలలూ కట్టి తియ్యాల. వీధిలో నాకు తెలిసినోళ్లు ఉండారు, పాత చీరలు తెస్తారు. ఒక గంట ఇయ్యి."

"గంటా? అయ్యేది కాదు మారక్కా. మిషను ఈ పక్క నుంచే మొదలు పెట్టాల. మధ్యాహ్నానికి ఇది కిందికి రాకపోతే ముందుగోడకి టైము చాలదు. పోనీ ముందు అది తీద్దామంటే, మావాళ్లు వచ్చి యాడ నిలబడాల? టాకీసంటే ముందరి మొహమే కదా, వెనక సందు ఎవరికి కావాల?"

 మారక్క చేయి పైకెత్తి చూపింది.

"ఆ మూడో కొక్కెం అంత అరిగింది ఎవరి వల్లనో తెలుసునా? నీ వల్ల."

కేశవప్ప నవ్వాడు. "నేనా? నన్ను నీ ఉయ్యాలలో ఏంటికి వేస్తారు? మా అమ్మకి బాల్కనీలో సోఫా ఉండింది."

"ఉండింది. పక్కన మీ నాయన, ఆయన స్నేహితులు. ఆడ మీ అమ్మ నోరు తెరిచి నవ్వేదానికి లేదు, ఏడ్చేదానికి లేదు. అందుకే సోమవారం గుడికని చెప్పి నిన్ను ఎత్తుకోని ఈ సందులో వస్తా ఉండె. నిన్ను నా చేతికిచ్చి, నేల టికెట్టోళ్ల మధ్య కాళ్లు చాపుకోని కూచుంటా ఉండె. లోపల ఆమె నవ్వు ఈడికి వినిపిస్తా ఉండె. నువ్వేమో ఊపు ఆపితే ఏడుపు. ఆయనకి చెప్పొద్దని నాతో మాట తీసుకునింది. ఇద్దరూ పోయినారు. ఇంగ చెప్తే తప్పు లేదు."

కేశవప్ప మొహంలో నవ్వు పోయింది. అమ్మ సోమవారాలు గుడికి పోయేదని అతనికి గుర్తే. గుడి నుంచి వచ్చిన రోజు ఇంట్లో పాటలు పాడుకుంటూ తిరిగేదనీ గుర్తే. అది భక్తి అనుకున్నాడు ఇన్నాళ్లూ. ముందుకు వచ్చి, విరిగిన కుర్చీమీదికి తనే ఎక్కాడు. తెల్లచొక్కాకు దుమ్ము అంటుకుంది. మూడో కొక్కెం లోపల వేలు పెట్టి అటూ ఇటూ రుద్దాడు.

కిందికి దిగి సందులోకి పోయి డ్రైవరుతో చెప్పాడు.

"బండి తిప్పు. ముందుగోడ నుంచి మొదలుపెట్టు."

"సార్, ఆడ మీ ఫ్రెండ్సు ఫోటో అన్నారు కదా."

"ముందుగోడ నుంచి అన్నానా లేదా?"

రేణు వీధిలోకి పరుగెత్తింది. అరగంటలో చీరలతో పాటు మనుషులూ వచ్చారు. ఒకప్పుడు ఇక్కడ బిడ్డల్ని పడుకోబెట్టిన ఆడవాళ్లు, ఇప్పుడు నెరిసిన జుట్లతో, ఏ కొక్కెం ఎవరిదని వాదులాడుకుంటూ. మారక్క ఎవరి వాదనా వినలేదు, తానే తేల్చి చెప్పింది. గొలుసులు ఏనాడో పోయాయి కాబట్టి చీరల్ని కొక్కేలకే ముడివేసింది. అవతల ముందుగోడ కూలుతున్న చప్పుడుకు వరండా అదిరింది. పెద్ద అక్షరాల బోర్డు కిందపడినప్పుడు ఒక్కరు కూడా తల తిప్పలేదు.

ఏడు ఉయ్యాలలు కట్టడం అయింది. మూడో కొక్కేనికి మారక్క ఏ చీరా కట్టనివ్వలేదు. తేజస్విని కెమెరా సరిచూసుకుంటూ ఎందుకని అడగలేదు. అప్పుడే కేశవప్ప మోటారు సైకిలు సందులో ఆగింది. అతను ఇంటికి పోయాడని అంతవరకు ఎవరూ గమనించలేదు. చంకలో మడతపెట్టిన వాళ్లమ్మ ఆకుపచ్చ నూలు చీర ఉంది, అంచు వెలిసింది.

దాన్ని రెండు చేతులతో పట్టుకుని మారక్క ముందు నిలబడ్డాడు.

"ముడి ఎట్ల వేయాల అక్కా, చూపించు," అన్నాడు.