పుస్తకం వెన్నులో ఎర్రదారం

గోరువెచ్చని నీళ్ళు. నీలం అంచు బేసిన్. నీళ్ళ మీద కిటికీ వెలుతురు ముక్క ఒకటి వణుకుతోంది.

ఆ బేసిన్ ముందు మోకాళ్ళ మీద ఉంది అట్టలమ్మ.

పుస్తకాలకు అట్టలు వేస్తుంది కాబట్టి మెనొనైట్ క్రైస్తవ సంఘమంతా ఆమెను అలాగే పిలుస్తుంది. ఎదురుగా బల్ల మీద పెద్దమ్మ. ఎనభై దాటిన పాదాలు, ఎండిన ఆకుల్లా తేలికైన పాదాలు.

రొట్టె విరిచే ముందు పక్కనున్న వాళ్ళ పాదాలు కడగాలి. ఏడాదికి రెండుసార్లు. ముప్పై ఏళ్ళుగా అట్టలమ్మ పెద్దమ్మకు దూరంగా చోటు వెతుక్కుంది.

ఇవాళ వెతుక్కుంటూ వచ్చి పక్కనే కూర్చుంది.

ఇవాళ సంఘానికి నూరేళ్ళు.

యుద్ధానికి పోము అన్నందుకు ఇళ్ళు వాకిళ్ళు వదులుకుని వచ్చినవాళ్ళ సంఘం. ఇటుకలు తామే మోసి కట్టుకున్న మందిరం. వాయిద్యాలు లేవు — గొంతులే. ఒట్టు వేయరు. ఎవరి మీదా చెయ్యెత్తరు.

చెయ్యెత్తకుండా మనిషిని ఎలా పడగొట్టాలో మాత్రం వాళ్ళకు తెలుసు.

వెలి.

సంఘపెద్దను ఓట్లతో ఎన్నుకోరు. ముగ్గురు మనుషులు, మూడు పాటల పుస్తకాలు, ఒకదానిలో చీటీ. చీటీ ఎవరికొస్తే దేవుడు వాళ్ళను పిలిచినట్టు.

నలభై ఏళ్ళ కిందట, అలా చీటీ తీసే ఉదయం, మందిరం ఊడవడానికి పెద్దమ్మా, అట్టలమ్మ తల్లీ, అక్కాచెల్లెళ్ళిద్దరూ వెళ్ళారు. చెల్లెలు చీపురు పట్టుకుంది. అక్క సూది పట్టుకుంది. చీటీ ఉన్న పుస్తకం వెన్నుకు ఒక ఎర్రపోగు కుట్టింది, తన మొగుడి కళ్ళకు ఆనేలా.

దేవుడు బావగారినే పిలిచాడు.

చెల్లెలు నోరు మూసుకోలేదు. నలుగురిలో నిలబడి చూసింది చూసినట్టు చెప్పింది. అప్పటికే పైకి కనిపించే పోగు తెగిపోయింది, పుస్తకం బీరువాలోకి వెళ్ళిపోయింది. సాక్ష్యమేదీ అన్నారు. అక్క నీళ్ళు నమలలేదు, తడబడలేదు. "మా చెల్లికి చిన్నప్పట్నించీ నేనంటే కుళ్ళు" అంది. అంతే.

తప్పు ఒప్పుకుంటే లోపలికి రానిస్తామన్నారు. "చేయని తప్పుకు చెంపలేసుకోను" అంది అట్టలమ్మ తల్లి.

పదకొండేళ్ళు.

పదకొండేళ్ళు ఆమె కంచం వేరు. సొంత ఇంట్లో, వంటగది మూల, చిన్న పీట మీద. మొగుడు బల్ల దగ్గర తినేవాడు, ఇటు తిరిగి చూడకుండా. తొమ్మిదేళ్ళ కూతురు తన కంచం పట్టుకొచ్చి పీట పక్కన కూర్చుంటే, "పోవే, నీకూ అంటుకుంటుంది వెలి" అని నవ్వేది తల్లి.

అంటుకుంది.

తల్లిది మంచి గొంతు. ఆమెను పూడ్చేటప్పుడు ఎవరూ పాడలేదు. గాలి మాత్రం వీచింది.

పోయిన వానాకాలం పాత పాటల పుస్తకాలు బైండింగుకు వచ్చాయి. ఒకదాని వెన్ను తడిపి, పాత జిగురు గీరుతుంటే — లోపల ముడి. వెలిసిన ఎర్రదారం, రెండు చుట్లు, పక్కకు లాగిన కొస. ఆ ముడి వేసేది లోకంలో ఒక్క మనిషే. చిన్నప్పుడు పెద్దమ్మ కుట్టిచ్చిన అట్టలమ్మ గౌన్లన్నిటికీ ఆ ముడే.

ఆ రోజు ఆమె ఏడవలేదు. జిగురు ఉడకబెట్టుకుంది.

నూరేళ్ళ చరిత్ర రాసిన మాస్టారు రెండు వందల ప్రతుల కాగితాలు తెచ్చి ముందు పడేశాడు. "మన పెద్దల మీద ఒక్క మచ్చ లేదు, చూశావా!"

"చూశాను మాస్టారూ. ఒక్క కాగితం తక్కువైనట్టుంది."

"నువ్వు కుట్టమ్మా తల్లీ, రాత నాకొదిలెయ్."

కుట్టింది. పెదనాన్న ఫొటోకు ఎదురుగా, ప్రతి పుస్తకంలో, అమ్మకు జరిగింది రాసి తాను అచ్చు వేయించిన కాగితం. రెండు వందల పుస్తకాలు, ఎర్రదారం. ఇప్పుడవి గుమ్మం దగ్గర దొంతరలుగా ఉన్నాయి. పాదాలు కడిగేటప్పుడు పాడే ఈ పాట అయిపోగానే పంచుతారు.

పంచితే చాలు. నోరు మెదపకుండా ఉంటే చాలు.

కానీ పెద్దమ్మ ముఖం చూడాలి... తల్లి పీట మీద కూర్చున్న పదకొండేళ్ళూ ఆ ముఖంలో ఒక్కసారి చూడాలి.

"నీళ్ళు హాయిగా ఉన్నాయే" అంది పెద్దమ్మ. "పుస్తకంలో మీ పెదనాన్న ఫొటో బాగా వచ్చిందా?"

"బాగా వచ్చింది. ఎదురు పేజీలో అమ్మ ఉంది."

అరచేతిలో పాదం ఆగిపోయింది.

"నీ ముడి దొరికింది పెద్దమ్మా."

చూసింది. రక్తం దిగిపోయిన ఆ ముఖాన్ని కడుపు నిండా చూసింది. అప్పుడు తట్టింది — ఎంత పని చేసుకుందో!

ఈ సంఘంలో క్షమించమని నోరు తెరిచి అడిగితే క్షమించి తీరాలి. క్షమించాక ఆ మాట ఎత్తకూడదు. ఎక్కడా. పుస్తకంలో కూడా.

ఆ సంగతి పెద్దమ్మకూ తెలుసు.

పాట చివరి చరణంలోకి వచ్చింది. ఒకప్పుడు అమ్మ పాడిన రెండో వరస ఇప్పుడు ఎవరిదో లేత గొంతు పాడుతోంది. మాస్టారు గుమ్మం వైపు నడుస్తున్నాడు.

త్వరగా... త్వరగా నడవండి మాస్టారూ...

ముసలిచెయ్యి అట్టలమ్మ తల మీదికి వచ్చింది. పెద్దమ్మ పెదాలు విడివడ్డాయి.

అట్టలమ్మ మడమ వదల్లేదు. తల ఎత్తలేదు.

గోరువెచ్చదనం పోతున్న నీళ్ళు. నీలం అంచు బేసిన్. నీళ్ళ మీద వెలుతురు ముక్క వణుకుతోంది.