వేలం గొంతులో గింజ

కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడే ఆయన గొంతు విప్పితే వీధి చివర పడుకున్న కుక్క కూడా లేచి నిలబడేది. అలాంటి గొంతు కొన్నాళ్లుగా బొంగురుపోయి, పగిలిన కుండలా పలుకుతోంది. కషాయాలు, పుక్కిలింతలు అన్నీ అయ్యాయి. ఆఖరికి భార్య ఆయన రెక్క పట్టుకుని గొంతు డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ సన్నటి గొట్టం లోపలికి పంపి తెర మీద చూపించింది. తెల్లటి స్వరతంత్రి అంచున గింజంత బుడిపె.

“చెడ్డదానిలా లేదు. అరిచి అరిచి వచ్చిందే. అయినా తీసి పరీక్షకి పంపుదాం.”

ఆయన రెండు చేతులతో మెడ పట్టుకున్నాడు. “గొంతు కోస్తారా అమ్మా?”

“ఆ రోజులు పోయాయి. ఒకప్పుడు బయటి నుంచి కోసే తీసేవాళ్లు. తర్వాత ఒక డాక్టరు తన తోడబుట్టినవాడి గొంతులో బుడిపెని చిన్న అద్దంలో చూస్తూ నోట్లోంచే తీశాడు. మత్తు లేదు. ఓకరింత రాకుండా ఆ తోడబుట్టినవాడు వారాల తరబడి అలవాటు చేసుకున్నాడట. అప్పట్లో రోగులు తమ నాలుక తామే గుడ్డతో పట్టుకుని కూర్చునేవాళ్లు. మీరు హాయిగా నిద్రపోండి, మేం మైక్రోస్కోపుతో చూసి తీస్తాం.”

“ఈయన నాలుక ఈయన పట్టుకోవడమా! పెళ్లైనప్పట్నుంచీ నా వల్లే కాలేదు,” అంది భార్య. డాక్టరమ్మ ఫక్కున నవ్వింది.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. పరీక్షలో భయం లేదని తేలింది. కానీ వారం పాటు మాట బంద్, గుసగుస కూడా కూడదన్నారు. మార్కెట్ ఆగుతుందా? టమాటా బుట్టల ముందు భార్యే నిలబడింది. ఇంట్లో పిల్లిని కూడా గట్టిగా అదిలించని మనిషి. ఆయన పక్కన నిలబడి వేళ్లతో ధర చూపిస్తుంటే సన్నగా పాట మొదలుపెట్టింది.

“వినపడ్లేదక్కా!” అని ఎవరో అరిచారు.

“నోళ్లు మూస్తే వినపడుతుంది!”

అంతా గొల్లుమన్నారు. ఆ నవ్వుతో ఆమెకి బెరుకు పోయింది. తర్వాత రోజుల్లో ఆమె కేక వీధి మలుపు దాకా వెళ్లింది. ఆయన కళ్లార్పకుండా చూస్తూ ఉండిపోయాడు.

గడువు తీరాక డాక్టరమ్మ, “ఇప్పుడు మెల్లగా మాట్లాడండి. ఇకమీదట అరుపులు మాత్రం వద్దు,” అంది.

ఆయన పక్కనే ఉన్న భార్య వైపు తిరిగాడు. కేకలేసి కేకలేసి ఆమె గొంతు పూడుకుపోయి ఉంది.

“చాల్లేవే, నీ గొంతు కూడా పాడుచేసుకోకు,” అన్నాడు, ఆమె ఏనాడూ ఎరగని మెత్తటి స్వరంతో. “మైకు కొందాం. చెరో పూటా పాడదాం.”

ఆమె జవాబు చెప్పబోయింది. బొంగురు గాలి తప్ప మాట రాలేదు. ఆయన చెయ్యి గట్టిగా గిల్లి, తలూపింది.