ఒకే ఒక్క ఛ ఒత్తు

నేను ఒక ఒత్తును. అక్షరాన్ని కూడా కాదు, అక్షరం కాళ్ళ దగ్గర ఒదిగి కూర్చునే ఛ ఒత్తును. సీసంతో పోత పోసిన ఒళ్ళు, బియ్యపు గింజంత మొహం. నా సంగతి మీకు పెద్దగా తెలియకపోవచ్చు. మీలో సగం మంది నన్ను రాయాల్సిన చోట చ ఒత్తు రాసి చేతులు దులుపుకుంటారు. స్వేచ్ఛ అని రాయమంటే 'స్వేచ్చ' అని రాసేసి, అదేమిటంటే ఏదో ఒకటి లెద్దూ అంటారు. కింద ఉన్న ఆ చిన్న గీతే నాకు ప్రాణమని మీకెవరు చెప్తారు?

మద్రాసులో ఒక పోత కార్ఖానాలో పుట్టాను. మాది ఏడుగురి సంతానం. గుంటూరులో ఒక ఇరుకు సందులోని ప్రెస్సు వాళ్ళు మమ్మల్ని కొని, చెక్క కేసులో ఒక మూల గడిలో పడేశారు. పక్క గడుల్లో ఉన్న త ఒత్తుకీ, న ఒత్తుకీ పొద్దున్నుంచి ఊపిరాడని పని. మాకేమో ఎదురుచూపులే పని. ఎవరైనా మూర్ఛకు మందు కనిపెడితే మాకు పిలుపు వచ్చేది. సన్మాన సభలో పుష్పగుచ్ఛం ఇచ్చినా, కొట్టువాడు తన నెయ్యి స్వచ్ఛమైనదని డబ్బా కొట్టుకున్నా మేము లేచేవాళ్ళం. ఆగస్టు పదిహేను దగ్గర పడితే మాత్రం ఏడుగురం తోసుకునేవాళ్ళం. మూర్ఛలోనూ స్వేచ్ఛలోనూ పనిచేసేది ఒక్కరేనని ఆ పేజీలు చదివిన వాళ్ళెవరికీ తోచినట్టు లేదు.

ఏళ్ళు గడిచేసరికి తోబుట్టువులు ఒక్కొక్కరే పోయారు. కొందరు అరిగిపోయారు, ఒకడు నేల నెర్రెలో పడ్డాడు. ఒక్క ఒత్తు విడిగా అమ్మరు, కేసంతా కొనాలంటారు. యజమాని ఆ మాట విని ఊరుకున్నాడు. చివరికి ఆ ప్రెస్సులో నేనొక్కణ్ణే మిగిలాను. ఒంటరితనం కంటే కుదురులేనితనం ఎక్కువగా ఉండేది నాకు. కేసు కదిలితే చాలు, నా కోసమేనేమో అని ఉలిక్కిపడేవాణ్ణి.

నన్ను వేళ్ళతో ఎరిగినవాడు అక్షరాలు పేర్చే కంపోజిటర్ దేవసహాయం. చూడకుండానే గడిలో చెయ్యి పెట్టి నన్ను పట్టుకునేవాడు. నన్ను బుర్రతో ఎరిగినవారు పానకాలరావు మాస్టారు. హైస్కూల్లో తెలుగు చెప్పేవారు, వ్యాసాలు రాసేవారు, మా ప్రెస్సులోనే ఒక చిన్న మాసపత్రిక నడిపేవారు. రాసేవాళ్ళకు స్వేచ్ఛ గురించి మాట్లాడటమంటే మహా సరదా. ఆ సరదా తీరే రోజులు వచ్చాయి. దేశంలో అత్యవసర పరిస్థితి పెట్టారు. పత్రికలో ప్రతి పేజీ ప్రూఫూ ఒక అధికారి చూసి ముద్ర వేస్తే గాని అచ్చుకెక్కదు.

అప్పుడే మాస్టారికి జైలు నుంచి కార్డు వచ్చింది. రాసింది ఆయన పాత విద్యార్థి శేషగిరి. కాలేజీ గోడ మీద రెండు మాటలు రాసినందుకు లోపల వేశారు. 'మాస్టారూ, స్వ, ఇచ్ఛ కలిస్తే స్వేచ్ఛ, గుణసంధి అని చెప్పారు. విడగొట్టడం నేర్పారు, అర్థం చెప్పలేదు. ఇక్కడ ఒక కాగితం మీద సంతకం పెడితే ఇంటికి పంపిస్తామంటున్నారు. చేసింది తప్పని, ఇక రాయనని ఆ కాగితంలో ఉంది. పెట్టనా?'

కార్డు వచ్చిన మర్నాడే శేషగిరి తల్లి తిరపతమ్మ ప్రెస్సుకు వచ్చింది. మిరపకాయలకు తొడిమలు తీసే మనిషి. చేతులు మండుతుంటే కొంగులో చుట్టుకుని నిలబడింది.

"మాస్టారూ, మీ మాటైతే ఇంటాడు. సంతకం పెట్టమని ఒక్క ముక్క రాయండయ్యా. ఆ గోడ మీద రాసిందేందో నేనే నా చేత్తో కడిగేస్తాను."

మాస్టారు శేషగిరి కార్డు మళ్ళీ తీసి చూసుకున్నారు. పెట్టమంటే వాడు జన్మంతా తలెత్తుకోలేడు. వద్దంటే ఈవిడ మొహం ఎలా చూడటం? తాను ఫ్యాను కింద కూర్చుని ఇంకొకణ్ణి జైల్లో ఉండమనడం ఏ రకం ధైర్యమో ఆయనకే అర్థం కాలేదు. ఎటూ తేలకుండానే రాసిన జవాబు కార్డు జైలు గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ముద్రపడిన పత్రికైతే లోపలికి పోనిస్తారు. అందుకని వ్యాసం రాశారు. స్వేచ్ఛ అంటే ఏమిటని నాలుగు పేజీలు.

దేవసహాయం రాతప్రతి తిరగేసి తల గోక్కున్నాడు.

"మాస్టారూ, ఈ మాట పదకొండు సార్లొచ్చింది. నా కాడ ఛ ఒత్తు ఒకటే ఉంది. నాలుగు పేజీలూ ఒక్కసారే అచ్చుకెక్కాల."

"చ ఒత్తు పెడదామంటావా? ముప్పై ఏళ్ళు ఆ తప్పుకే పిల్లల చెవులు మెలిపెట్టానయ్యా."

"పెడదామని నేననలా. ఒక్క చోట ఉంచండి. తక్కిన పది చోట్లా ఆ మాటతో మీరేం చెప్పాలనుకున్నారో అదే రాయండి."

మాస్టారికి కోపం వచ్చింది. మొత్తం చదువంతా ఒక్క ఒత్తు దగ్గర ఆగిపోయిందని విసుక్కున్నారు. కాగితం రీముల మీద కూర్చుని కలం నమిలారు, కొట్టేశారు, లేచి సందు చివరిదాకా పోయి వచ్చారు. నేను గడిలో ఒకటే దొర్లాడాను. ఆయనకు ఆ మాట అర్థం తెలియదని అప్పుడు తేలింది. పదకొండు సార్లు రాశారు గాని, ఒక్కసారీ దాని లోపలికి చూడలేదు. సాయంత్రానికి ఒక్కొక్కటే దొరికాయి. ఒక చోట 'తలుపు చప్పుడైతే పాలవాడేననుకోవడం' అని రాశారు. ఇంకొక చోట 'నా తప్పును నేనే దిద్దుకోవడం' అని, వేరొక చోట 'భయం వేసిందని భయం లేకుండా చెప్పుకోవడం' అని. పది చోట్లా పది. ఆఖరి వాక్యంలో మాత్రం నన్ను ఉంచారు: 'నాకు కావలసింది ఒక్కటే, స్వేచ్ఛ.' దేవసహాయం నన్ను ఆ వరుసలో పేర్చినప్పుడు నేను పొంగిపోయానని ఒప్పుకుంటున్నాను.

అధికారి ఎర్ర పెన్సిలు పట్టుకుని నాలుగు పేజీలూ వెతికాడు. ఆయన వెతికింది ఆ మాట కోసమే. పాలవాడి దగ్గర ఆగలేదు, భయం దగ్గర ఆగలేదు. ఆఖరి వాక్యంలో నన్ను పట్టుకుని అడ్డంగా గీత గీశాడు. కొట్టేసిన చోట ఖాళీ కనపడకూడదని చెప్పి, ముద్ర గుద్ది పంపించాడు.

దేవసహాయం చిమటా పెట్టి నన్ను లాగేశాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు కాచుకుని కూర్చుంటే నన్నొక్కణ్ణే బయటికి నెట్టి, చెప్పకూడనివన్నీ దర్జాగా అచ్చయిపోయాయి. 'నాకు కావలసింది ఒక్కటే.' వాక్యం అక్కడికి నిండుగానే ఉంది, ఖాళీ ఏమీ లేదు.

పత్రిక జైలుకు వెళ్ళింది. మూడు వారాల తర్వాత కొడుకును చూసి వచ్చిన తిరపతమ్మ తిన్నగా ప్రెస్సుకే వచ్చింది. ఈసారి బతిమాలలేదు.

"సంతకం పెట్టనన్నాడు మాస్టారూ. అదేందో ఒక్కటే అని రాశారంట గదా. ఆ ఒక్కటీ ఏందని గదిలో పన్నెండు మందీ వాదులాడుకున్నారంట. పన్నెండు రకాలుగా చెప్పుకున్నారంట." ఆవిడ మాస్టారికి ఎదురుగా వచ్చి నిలబడింది. "మరి నన్నడగలేదేందయ్యా ఎవరూ?"

మాస్టారు తల దించుకున్నారు. సంధులూ సమాసాలూ అన్నీ తెలిసిన మనిషికి ఆ ప్రశ్న తట్టనే లేదు. నాకూ తట్టలేదు, నేనూ సిగ్గుపడ్డాను. ఆయన కలం తీసి, "చెప్పమ్మా, రాసుకుంటాను" అన్నారు.

"ఏముంది రాసుకోను? పొద్దున్నే వాడికి చద్దన్నం పెట్టాల. వాడు వద్దనాల. నేను తిట్టాల. అంతే."

తర్వాతి సంచికకు దేవసహాయం ఆ నాలుగు ముక్కలూ మార్చకుండా పేర్చాడు. పేరు పెట్టకుండా, మొదటి పేజీలో. నా అవసరం రాలేదు, ఆ పేజీలో ఎక్కడా రాలేదు. మొట్టమొదటిసారి నాకు రోషం రాలేదు. అధికారి అది చూసి ఆడవాళ్ళ శీర్షిక అనుకున్నట్టున్నాడు, చదవకుండానే ముద్ర వేశాడు.

అప్పటిదాకా శేషగిరి కార్డులన్నీ మాస్టారికే వచ్చేవి. ఆ సంచిక జైలుకు చేరాక వచ్చిన కార్డు మీద మొదటిసారి తల్లి పేరుంది. ఆవిడ దాన్ని కొంగున కట్టుకుని వచ్చి, చదివిపెట్టమని దేవసహాయం చేతికిచ్చింది. అతను కేసు మీదికి వంగి, నాకు వినపడేంత దగ్గరగా చదివాడు.

'అమ్మా, సంతకం పెట్టలేనే. వచ్చినాక తిట్టు.'

తిరపతమ్మ కార్డు లాక్కుంది. వాడు వచ్చేదాకా ఆగలేదు. కళ్ళనీళ్ళు కారుతుండగా అక్కడే, ప్రెస్సు గుమ్మంలోనే నిలబడి తిట్టడం మొదలుపెట్టింది.