ఎర్విన్ దాచిన పెళ్లి లైసెన్సు

అమెరికాలో కెంటకీ కొండల్లోని ఆ చిన్న చర్చిలో పెళ్లికి ఇంకో పావుగంటే ఉంది. పెళ్లికొడుకు ఎర్విన్ మాత్రం, పెళ్లికి ముందే కౌంటీ సర్కారు ఆఫీసులో తీసుకోవాల్సిన లైసెన్సును కోటు జేబులోంచి బయటికి తీయడం లేదు.

"ముందు పెళ్లి కానివ్వండి పాస్టరమ్మా, సంతకం తర్వాత పెడుదురుగాని," అన్నాడు.

పాస్టర్ వెర్లీన్‌కు అనుమానం బలపడింది. ఈ మనిషి ఊళ్లోకి వచ్చి ఆరు నెలలే అయింది. కాగితం గడువు దాటిపోయిందా? ఇంకెక్కడైనా భార్య ఉందా? పెళ్లికూతురు నడీన్ తనకు ముప్పై ఏళ్లుగా స్నేహితురాలాయె.

"కాగితం చూడకుండా పెళ్లి చేస్తే రేపు చట్టం నా మెడకు చుట్టుకుంటుంది. ఇస్తావా, జనాన్ని ఇళ్లకు పొమ్మననా?"

ఎర్విన్ చెమట తుడుచుకుంటూ ఇచ్చాడు. ఆమె రెండుసార్లు చదివింది. కౌంటీ క్లర్కు ముద్ర, తేదీ, పేర్లు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నడీన్ వయసు దగ్గర మాత్రం అరవై ఏడు అని ఉంది. ఊరందరితోనూ, చివరికి వెర్లీన్‌తోనూ ఆమె చెప్పుకున్నది యాభై ఎనిమిదే.

"ఎవరికీ చూపించొద్దని నాచేత ఒట్టేయించుకుందండీ," అని గొణిగాడు ఎర్విన్.

వెర్లీన్‌కు సిగ్గేసింది. పెళ్లయ్యాక ఇద్దరు సాక్షులు సంతకాలకు వంగితే, నడీన్ వయసు రాసిన గడి మీద అరచెయ్యి ఆనించింది.

"చదవక్కర్లేదర్రా, నేను చూశాను. ఇక్కడ సంతకం పెట్టండి," అంది.