ముగ్గు వేసేదాకా

చిన్నతల్లి జల్లెడ దులిపి, నెత్తిన చుట్టకుదురు పెట్టి, ముగ్గుపిండి గంప ఎత్తుకుంది. వెలుగింకా సరిగా రాలేదు. మోకాళ్ల నొప్పి, మెట్టు ఎక్కితే ఆయాసం, కళ్లకు పొర. గొంతు మాత్రం ముసలిది కాలేదు. "ముగ్గో... ముగ్గు" అని ఆమె కేకేస్తే విజయనగరం కోట వెనక వీధుల్లో కోడికి పనుండేది కాదు.

ఈమధ్య ఆ కేకకు తలుపు తీసేవాళ్లే కరువయ్యారు. ఎవడో బండి మీద వస్తున్నాడు. వాకిట్లో వంగి ముగ్గేసుకునే ఆడవాళ్లను వెనకనుంచి కర్రతో కొట్టి పోతున్నాడు. మెళ్లో గొలుసు ముట్టడు, మాటాడడు. దొంగైతే వాడి ఆశేమిటో తెలిసేది, వీడిది అదీ తెలియదు. ఇవాళ ఈ వీధి, రేపు ఆ పేట. పొద్దెక్కాక బయటికి రండమ్మా అన్నారు పోలీసులు. మగవాళ్లు గుమ్మాలకు ముగ్గు స్టిక్కర్లు కొని తెచ్చారు. వాణ్ణి పట్టుకోవడం కన్నా అది సులువు మరి.

ముగ్గు లేని వాకిలంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని లెక్క. వీధి వీధంతా చావింటిలా ఉండటం చిన్నతల్లికి నచ్చలేదు. పిండి కొన్నా కొనకపోయినా ఒక్కో గుమ్మం ముందు గంప దించి, వీధివైపు మొహం పెట్టి నిలబడటం మొదలుపెట్టింది. వెనక ఆ ఇల్లాలు ముగ్గేసి లోపలికి పోయేదాకా కదిలేది కాదు. అలా ఒక్కో తలుపూ తెరుచుకుంది, కిరాణా కొట్టువాళ్ల కోడలు ఉషది తప్ప. వాడి దెబ్బకు ఉష తలకు కుట్లు పడ్డాయి. అప్పట్నుంచి ఆమె గడప దాటలేదు.

ఇవాళా చిన్నతల్లి ఆ ఇంటి ముందు గంప దించింది.

"ఉషమ్మా, వొచ్చీయే తల్లీ."

"రాలేను మామ్మా. బండి చప్పుడైతే గుండె ఆగిపోతన్నాది," అంది ఉష కిటికీలోంచి.

"నా ఈపు నీకేసి, నా మొకం ఈదికేసి. ఆడొస్తే ముందు నన్ను సూడాల. ఇంకేటి?"

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. ఉష వచ్చి, నీళ్లు చల్లి, వంగింది. చుక్కలు వంకరగా పడుతున్నాయి. అంతలో సందు మొగలో బండి వినిపించింది. హెల్మెట్ పెట్టుకున్న మనిషి. ఉష చెయ్యి ఆగిపోయింది.

"ఆపకు. యెయ్యి," అంది చిన్నతల్లి, వెనక్కి తిరక్కుండా.

సందు నడుమకు నడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పిడికెడు మనిషి. ఆ కాసేపూ సందంతా ఆమే ఉంది. బండి నెమ్మదించింది, ఆగింది, వెనక్కి తిరిగి పోయింది. వాడో, దారి తప్పిన మనిషో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. కిటికీల్లోంచి చూసినవాళ్లు మాత్రం, ఇన్నాళ్లూ కొసరు కోసం మనం వాదులాడింది ఈ మనిషితోనా అనుకున్నారు.

ఉష చివరి గీత కలిపి, నడుమెత్తి, వీధి రెండు కొసలూ తనే చూసుకుంది.

"అయిపోనాదా?"

"అయింది మామ్మా."

"బాగున్నాది. కూసిన్ని మంచినీళ్లియ్యి."

చిన్నతల్లి అరుగు మీద కూర్చుని గోడకు చేరబడింది. ఉష చెంబుతో వచ్చి పిలిచింది, భుజం తట్టింది. ఆయాసం ఆగిపోయి ఉంది. మొహం మాత్రం వీధివైపే.

మధ్యాహ్నం ఆమె మనుషులు వచ్చి తీసుకుపోయారు. వాళ్ల వెనకే ఉష పెద్దరోడ్డు దాకా నడిచి, ఒక్కతే తిరిగొచ్చింది. పక్కనుంచి బళ్లెన్ని పోయాయో ఆమె చూడలేదు. తను వీధిలో నడిచొచ్చానన్న సంగతి గుమ్మంలో కాలు పెట్టాక గానీ తట్టలేదు. అక్కడే నిలబడి ఏడ్చింది.

పాతచీర మెలితిప్పి చుట్టిన చుట్టకుదురు అరుగు మీదే ఉండిపోయింది, ఓ పక్క తలనూనె మరక, ఓ పక్క తెల్లటి పిండి.