చక్కెరకు అందిన శక్తి

అక్క సంచిలో బట్టలు కుక్కుతుంటే చెల్లి ఆ సంచి పట్టుకుని ఆపింది. చక్కెరకు ఫాస్ఫేటు అతికించే ప్రయోగం ఎంతకీ తేలక, అక్క ల్యాబుకో దణ్ణం పెట్టి వెళ్లిపోతోంది.

"కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువు విరిగి బోలెడు శక్తి వస్తోందే, చక్కెరకు చుక్కయినా అందదు!"

"ఆ రెండిటినీ ముడివేసేది ఎంజైమే కదక్కా. దాన్నేం చేశావు?"

కెమిస్ట్రీ చదివిన అక్కకు, కదలనిదాన్నల్లా వేడిచేయడం అలవాటు.

"కాస్త మరిగించాను."

"నీ తొందర తగలెయ్య! ఎంజైమును ఉడకబెట్టి చంపాక, శక్తంతా ఉత్త వేడయి పోదూ?"

ఇద్దరూ ల్యాబుకెళ్లి కొత్త ఎంజైముతో, ఈసారి గోరువెచ్చగా మొదలుపెట్టారు. ఫాస్ఫేటు అతికిన చక్కెరను కొలిచే యంత్రం మీద గీత జంకు లేకుండా పైకి లేచింది.

"అతికిందే!" అని అక్క వరండా దద్దరిల్లేలా అరిచి, చెల్లిని ఎత్తి గిరగిరా తిప్పింది.

ఆ విజయం పరాయి ఊళ్లో శాస్త్రవేత్తల సభలో చెప్పడానికి మర్నాడు తలెత్తుకుని బయలుదేరిన అక్క మళ్లీ రాలేదు. ఆ జూలైలోనే, సభకని వెళ్లిన ఆ ఊళ్లోనే జ్వరంతో పోయింది.